లామాఇండెక్స్ వర్క్‌ఫ్లో

లామాఇండెక్స్ వర్క్‌ఫ్లో అనునది అనేక అంచెలలో జరుగవలసిన పనిని సంఘటనల ఆధారముగా నడిపించు ప్రోగ్రామింగు సదుపాయము. చాట్‌జీపీటీ వంటివాటికి మూలమైన భాషా నమూనాలతో అనువర్తనాలు తయారుచేయుటకు దీనిని వాడుదురు. ఇది పైథాన్, టైప్‌స్క్రిప్టు భాషలలో లభించును. ఇందులో "ఈ పని తరువాత ఆ పని" అను పట్టిక ఉండదు. ఏ సంఘటన అందినచో ఏ అంచె మొదలగునో మాత్రమే వ్రాయబడును.

చరిత్ర

లామాఇండెక్స్ ఫ్రేంవర్కును జెర్రీ లియు 2022 నవంబరులో జీపీటీ ఇండెక్స్ అను పేరుతో ప్రారంభించెను. 2024 ఆరంభములో అంచెలను కలుపుటకు ఇందులో క్వెరీ పైప్‌లైన్ అను పద్ధతి వచ్చినది. అందులో పని ముందుకే సాగును గాని వెనుకకు మరలుట కష్టము. జవాబు సరిగా రానిచో మరల ప్రయత్నించవలసిన అనువర్తనాలు పెరుగుటతో 2024 ఆగష్టులో వర్క్‌ఫ్లో బీటా రూపములో విడుదలైనది. 2025లో 1.0 సంచికగా, విడిగా స్థాపించుకొనదగిన ప్యాకేజీగా వెలువడినది.

పనిచేయు విధానము

పూర్వము అంచె టపాలో సంచి చేతికి అందిన మనిషి మాత్రమే పరుగు తీసెడివాడు. తరువాతి అంచెలోనివాడు తన వంతు వచ్చువరకు వేచియుండెడివాడు. ఇక్కడ సంచి స్థానములో సంఘటన ఉండును. అయితే టపా సంచివలె కాక, సంఘటన వెనుకటి అంచెకు కూడ పోగలదు.

ఉదాహరణకు, ఒక ప్రశ్నకు జవాబు వ్రాసి తనిఖీ చేయు ప్రోగ్రామును తీసికొనవచ్చును. ప్రశ్న స్టార్ట్‌ఈవెంట్ రూపములో వచ్చును. "వ్రాయు" అంచె దానిని గ్రహించి "చిత్తుప్రతి" అను సంఘటనను పంపును. "తనిఖీ" అంచె ఆ ప్రతిని చూచి, బాగున్నచో స్టాప్‌ఈవెంట్‌ను, లేనిచో "సవరణ" అను సంఘటనను పంపును. సవరణను గ్రహించునది మరల "వ్రాయు" అంచెయే. స్టాప్‌ఈవెంట్ వెలువడగానే పని ముగియును.

ప్రతి అంచె తాను గ్రహించు, పంపు సంఘటనల రకాలను ముందే ప్రకటించవలెను. పంపబడు సంఘటనను గ్రహించు అంచె లేనిచో, పని మొదలుకాకముందే ఫ్రేంవర్కు దోషమును తెలుపును. ఒక అంచె పలు సంఘటనలను ఒకేమారు పంపి పనులను సమాంతరముగా నడిపించవచ్చును. వాటి ఫలితాలన్నియు చేరువరకు మరియొక అంచె వేచియుండగలదు. అంచెలన్నిటికి కావలసిన సమాచారము కాంటెక్స్ట్ అను ఉమ్మడి చోట ఉంచబడును. దానిని భద్రపరచి, ఆగిన పనిని తరువాత కొనసాగించవచ్చును.

జాగ్రత్తలు

* తనిఖీ ఎన్నడును తృప్తి చెందనిచో పై ఉదాహరణ అంతులేక తిరుగును. రకాల తనిఖీ ఈ దోషమును పట్టలేదు. రుసుము గల భాషా నమూనాను వాడినచో ప్రతి చుట్టుకు ఖర్చగును. కాలపరిమితి విధించినచో పని ఆగును గాని, జవాబు రాదు, దోష సందేశమే వచ్చును. కావున చుట్ల సంఖ్యను కాంటెక్స్ట్‌లో లెక్కించి, మూడవ చుట్టు తరువాత ఉన్న ప్రతినే ఇచ్చునట్లు వ్రాయుట మేలు.
* విఫలమైన అంచెను మరల నడుపు ఏర్పాటు కలదు. సొమ్ము చెల్లించుట, ఉత్తరము పంపుట వంటి పని చేసిన పిదప ఆ అంచె విఫలమైనచో, ఆ పని రెండవమారు జరుగు ప్రమాదము కలదు. అట్టి పనిని ప్రత్యేక అంచెగా విడదీసి, అంతకుముందే జరిగినదా అని చూచుకొనవలెను. దానికి ముందు మనిషి అనుమతి కొరకు ఆగుటకును వీలు కలదు.
* అంచెల వరుస ప్రోగ్రాములో ఒకేచోట కనబడదు. అందువలన సాధ్యమైన మార్గములన్నిటిని పటముగా గీయు సాధనము ఇవ్వబడినది.

రెండు మూడు అంచెలు వరుసగా, మార్పు లేక జరుగు పనికి ఈ పద్ధతి అవసరము లేదు. సాధారణ ఫంక్షనులే చాలును. శాఖలు, పునరావృత్తులు, నిరీక్షణలు ఉన్నచోటనే దీని ప్రయోజనము తెలియును.

ఇవి కూడా చూడండి

* పైథాన్
* కృత్రిమ మేధస్సు