పేరు దొరికితే మనిషి దొరికినట్టే

హైస్కూలు సాంఘికశాస్త్రంలో నాజీల పాఠం మేం ఏటా చెబుతూనే ఉంటాం. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు, 1939లో యుద్ధం మొదలైంది, 1945 నాటికి దాదాపు అరవై లక్షల మంది యూదుల్ని చంపేశారు. ఇవన్నీ బోర్డు మీద రాస్తాం, పిల్లలు నోటుబుక్కుల్లో ఎక్కించుకుంటారు. నిరుడు అలా రాస్తుండగా వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "టీచర్, ఆ అరవై లక్షల మంది పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా?" అని అడిగింది.

రేపు చెబుతామన్నాం. ఆ రేపు రావడానికి కొన్ని నెలలు పట్టింది. చదివేకొద్దీ మాకు తెలిసిందేమిటంటే, ఆ పేర్లు వెతకడమే ఒక పెద్ద పని. ఎనభై ఏళ్లు దాటినా అది ఇంకా పూర్తి కాలేదు. ఆ పని చేస్తున్నవాళ్లలో చరిత్రకారుల కన్నా మామూలు మనుషులే ఎక్కువ. మా తాతది ఏ ఊరు, ఆయన అక్కచెల్లెళ్లు ఏమయ్యారు అని అడగడంతో మొదలుపెట్టిన మనవలు, మనవరాళ్లు వాళ్లు.

ఊరే లేకపోతే ఎవర్ని అడగాలి?

మన దగ్గర ఎవరైనా పూర్వీకుల గురించి తెలుసుకోవాలంటే సొంత ఊరు వెళతారు. పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడుగుతారు. పాత ఇల్లు చూస్తారు. తూర్పు యూరప్ యూదులకు ఆ దారి మూసుకుపోయింది. పోలాండ్, లిథువేనియా, బెలారస్, ఉక్రెయిన్ ప్రాంతాల్లో యూదులు తరతరాలుగా ఉన్న చిన్న పట్టణాలు వందల్లో ఉండేవి. వాటిని యిడ్డిష్ భాషలో 'ష్టెటెల్' అంటారు. సంత, బడి, ప్రార్థనామందిరం, శ్మశానం అన్నీ అక్కడే. చాలాచోట్ల కొద్ది రోజుల్లోనే ఆ ఊళ్లలోని యూదులందరినీ తుడిచిపెట్టేశారు. తాత గురించి చెప్పాల్సిన పొరుగువాడూ ఆ తాతతోపాటే పోయాడు.

ఐషిషోక్ అనే ఊరినే తీసుకుందాం. ఇప్పుడది లిథువేనియాలో ఉంది. 1941 సెప్టెంబర్ 25, 26 తేదీల్లో ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న యూదుల్ని, సుమారు 3,400 మందిని, కాల్చి చంపారు. అప్పుడు తప్పించుకున్న కొద్దిమందిలో యాఫా ఎలియాక్ అనే చిన్నపిల్ల ఉంది. పెద్దయ్యాక ఆమె అమెరికాలో చరిత్ర ప్రొఫెసర్ అయింది. 1979లో అమెరికా అధ్యక్షుడు నియమించిన కమిషన్‌తో కలిసి యూరప్‌లో ఆ మారణహోమం జరిగిన చోట్లన్నీ చూసింది. వీళ్లు ఎలా చచ్చిపోయారో లోకానికి తెలుసు, ఎలా బతికారో ఎవరు చెబుతారు అన్న ఆలోచన ఆమెను పట్టుకుంది.

అప్పటినుంచి పదిహేనేళ్లకు పైగా ఆమె తన ఊరివాళ్ల ఫొటోలు వెతికింది. యుద్ధానికి ముందే ఆ ఊరి నుంచి చాలా కుటుంబాలు అమెరికాకూ ఇతర దేశాలకూ వలసపోయాయి. ఊళ్లో మిగిలినవాళ్లు పెళ్లికో కొత్త సంవత్సరానికో ఫొటో తీయించుకుని వాళ్లకు పంపేవాళ్లు. ఎలియాక్ తాత, అవ్వ ఆ ఊళ్లో ఫొటోగ్రాఫర్లే. ఊళ్లో ఉన్నవి చెదిరిపోయినా, దూరదేశాల్లోని బంధువుల అలమారాల్లో ఆ ఊరు భద్రంగా ఉంది. ఆమె సుమారు ఆరు వేల ఫొటోలు సేకరించింది. వాటిలో వెయ్యి దాకా 1993లో వాషింగ్టన్‌లో తెరిచిన హోలోకాస్ట్ మ్యూజియంలో మూడంతస్తుల ఎత్తున గోడలకు పెట్టారు. సైకిల్ పక్కన నిలబడ్డ కుర్రాళ్లు, బడిపిల్లలు, పెళ్లివాళ్లు. ఒక్కరి ముఖంలోనూ చావు కనిపించదు. 1998లో ఆమె ఆ ఊరి తొమ్మిది వందల ఏళ్ల చరిత్రను పుస్తకంగా తెచ్చింది.

ఒక మనిషికి నాలుగు పేర్లు

ఫొటోలు దొరకని కుటుంబాలకు కాగితాలే దిక్కు. కాగితాల్లో మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. ఈ సంగతి చదివినప్పుడు మా స్టాఫ్‌రూంలో అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అక్కడి యూదుల్లో చాలామందికి ఒకప్పుడు ఇంటిపేర్లు లేవు. ఫలానావాడి కొడుకు ఫలానా, అంతే. పన్నుల కోసం, సైన్యంలో చేర్చుకోవడం కోసం ప్రభుత్వాలు ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టాలు చేశాయి. ఆస్ట్రియా 1787లో, రష్యా 1804లో, ప్రష్యా 1812లో ఆ పని చేశాయి. అందుకే వెతుకుతూ పోతే చాలా వంశాలు పద్దెనిమిదో శతాబ్దం చివరకొచ్చేసరికి ఆగిపోతాయి. అంతకుముందు ఇంటిపేరుతో వెతకడానికి అసలు ఇంటిపేరే లేదు.

ఇక సొంత పేరు. ప్రార్థనామందిరంలో ఒకాయన పేరు హీబ్రూలో 'త్స్వీ'. అంటే జింక. ఇంట్లో యిడ్డిష్‌లో ఆయన్నే 'హిర్ష్' అంటారు. దాని అర్థమూ జింకే. పోలిష్ గుమస్తా 'హెర్ష్' అని రాసుకున్నాడు. రష్యన్ లిపిలో 'హ' ధ్వనికి అక్షరం లేదు, కాబట్టి రష్యన్ రిజిస్టర్‌లో 'గిర్ష్' అయ్యాడు. అమెరికా ఓడ దిగాక 'హ్యారీ' అయిపోవచ్చు. మనిషి ఒక్కడే. ఇది తెలియక వెతికేవాళ్లకు వేర్వేరు మనుషులుగా కనబడతాడు. 1985లో ర్యాండీ డైచ్, గ్యారీ మొకొటాఫ్ అనే ఇద్దరు దీనికో ఉపాయం కనిపెట్టారు. పేర్లను అక్షరాల వరసలో కాకుండా ధ్వనుల వరసలో అంకెలుగా మార్చి వెతికే పద్ధతి అది. ఎలా రాసినా, పలుకు దగ్గరగా ఉంటే ఒకేచోట తేలుతుంది.

మా పిల్లలకు ఇదేం కొత్త కాదు. మా బడి తమిళనాట ఉంది. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. ప, బ, భలకూ అంతే. ఒకే పిల్లవాడి పేరు రేషన్‌కార్డులో ఒకలా, మా హాజరుపట్టీలో ఒకలా, ఇంగ్లిషు సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరమే రాస్తారు. తరతరాలుగా వచ్చిన ఇంటిపేరు కాగితాల్లో ఎక్కడా ఉండదు, పెళ్లిమాటల్లో మాత్రమే వినబడుతుంది. మనకు ఏ ఆపదా లేదు, మనం హాయిగానే ఉన్నాం. ఆ జనం పడ్డ కష్టంతో దీన్ని పోల్చడం తప్పు. కానీ పేరు ఎలా జారిపోతుందో అర్థం చేసుకోవడానికి మా పిల్లలకు వేరే ఉదాహరణ అక్కర్లేకపోయింది.

కాగితం చదవడం తెలియాలి

పోలాండ్‌లో రష్యా ఏలుబడిలో ఉన్న భాగంలో 1826 నుంచి యూదుల పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలకు విడిగా రిజిస్టర్లు పెట్టారు. 1868 వరకు పోలిష్‌లో, ఆ తర్వాత రష్యన్‌లో రాశారు. ఒక్కో పుట్టుక ఒక్కో పేరాగా ఉంటుంది. ఈరోజు ఇన్నిగంటలకు ఫలానా వర్తకుడు, ఇంత వయసువాడు, ఇద్దరు సాక్షులతో వచ్చి బిడ్డను చూపించాడు, తల్లి ఫలానా, ఆమె పుట్టింటిపేరు ఫలానా అని సాగుతుంది. ఒక్క పేరాతో మూడు తరాల కొస అందుతుంది. తేదీలు మాత్రం రెండేసి ఉంటాయి. రష్యా పాత పంచాంగం పందొమ్మిదో శతాబ్దంలో పన్నెండు రోజులు వెనక ఉండేది మరి.

కాగితం అబద్ధమాడే చోట్లూ ఉన్నాయి. కొన్ని ఇళ్లలో నలుగురు పిల్లల పుట్టుకలు ఒకే రోజు నమోదై ఉంటాయి. తండ్రికి తీరిక దొరికినప్పుడు అందర్నీ ఒకేసారి రాయించాడన్నమాట. ఆస్ట్రియా ఏలిన గలీసియాలో చాలా జంటలు మతాచారం ప్రకారం పెళ్లి చేసుకుని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోలేదు. ఆ పిల్లలకు తల్లి ఇంటిపేరే పడింది. ఇది తెలియనివాళ్లు తండ్రి పేరుతో ఎన్నేళ్లు వెతికినా ఆ పిల్లలు దొరకరు.

సమాధిరాళ్లు ఇంకో దారి. వాటి మీద చాలాసార్లు ఇంటిపేరు ఉండదు, కానీ తండ్రి పేరు తప్పకుండా ఉంటుంది. రెండు అరచేతుల బొమ్మ ఉంటే పూజారి వంశమని, నీళ్లకూజా ఉంటే లేవీయుడని గుర్తు. తూర్పు యూరప్ యూదులు బతికున్నవాళ్ల పేరు పిల్లలకు పెట్టరు, చనిపోయిన పెద్దల పేరే పెడతారు. కాబట్టి ఒక మనవడికి తాత పేరు పెట్టారంటే, ఆ తాత అప్పటికే పోయాడని లెక్క. మరణపత్రం దొరక్కపోయినా మనవడి పేరు సాక్ష్యం చెబుతుంది.

ఈ రిజిస్టర్లు చదివి పట్టికలు తయారుచేసే పని ఎక్కువగా స్వచ్ఛందంగానే నడుస్తోంది. పోలాండ్ రికార్డుల కోసం అలాంటి ఒక సంస్థ 1995లో మొదలైంది. రిజిస్టర్లు కాలిపోయిన ఊళ్లకు ఆధారం స్మారక గ్రంథాలు. బతికి బయటపడ్డవాళ్లు, ముందే వలసపోయినవాళ్లు కలిసి తమ ఊరి గురించి యిడ్డిష్‌లో, హీబ్రూలో రాసి అచ్చువేసుకున్నవి. వీధుల పటాలు జ్ఞాపకం మీదే గీశారు. చివర చనిపోయినవాళ్ల జాబితాలు ఇచ్చారు. అలాంటి గ్రంథాలు వందల సంఖ్యలో ఉన్నాయి.

జెరూసలేంలోని యాద్ వాషెమ్ సంస్థ ఇంకో పద్ధతి పెట్టింది. ఒక్కో మనిషికి ఒక్కో కాగితం. పేరు, తల్లిదండ్రులు, ఊరు, వృత్తి, చివరిసారి ఎక్కడ ఉన్నారో రాసి, తెలిసినవాళ్లు సంతకం చేయాలి. రాసేవారు అన్న కావచ్చు, మేనకోడలు కావచ్చు, పక్కింటివాళ్లూ కావచ్చు. ఆ కాగితాలు, ఇతర ఆధారాలు కలిపి ఇప్పటికి 48 లక్షలకు పైగా పేర్లు చేరాయి. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. చాలావరకు ఉన్నాయి, అన్నీ లేవు. లేనివాటిలో పసిపిల్లల పేర్లు ఎక్కువ. వాళ్ల పేరు తెలిసినవాళ్లంతా వాళ్లతోనే పోయారు కాబట్టి.

నొవొలిప్కి వీధి బడి

వెతకడం వల్లే ఇదంతా దొరికిందనుకుంటే పొరపాటు. ముందే ఎవరో రాసిపెట్టారు కాబట్టి దొరికింది. 1912 నుంచి 1914 దాకా అన్‌స్కీ అనే రచయిత ఒక బృందంతో డెబ్బై దాకా ష్టెటెల్‌లు తిరిగి పాటలు, కథలు, ఆచారాలు సేకరించాడు. పుట్టుక నుంచి చావు దాకా ఏమేం అడగాలో 2,087 ప్రశ్నలు తయారుచేశారు. 1925లో ఏర్పడి విల్నాలో పనిచేసిన యీవో అనే సంస్థ యువతీయువకుల చేత ఆత్మకథలు రాయించి మూడుసార్లు పోటీలు పెట్టింది. మూడో పోటీ బహుమతులు ప్రకటించాల్సిన రోజు 1939 సెప్టెంబర్ 1. అదే రోజు జర్మనీ పోలాండ్ మీదికి వచ్చింది.

వార్సాలో ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్ర ఉపాధ్యాయుడు, యూదుల్ని గోడల మధ్య బంధించిన ఘెట్టోలో రహస్యంగా ఒక భాండాగారం నడిపాడు. రేషన్‌కార్డులు, ట్రాము టికెట్లు, చాక్లెట్ కాగితాలు, బడిపిల్లల వ్యాసాలు, ఏదీ వదల్లేదు. 1942 ఆగస్టు మొదట్లో, రోజూ వేలమందిని ట్రెబ్లింకా చంపుడు శిబిరానికి తరలిస్తున్నప్పుడు, ఆ కాగితాల్లో ఒక భాగాన్ని పది రేకుపెట్టెల్లో పెట్టి నేలమాళిగలో పాతిపెట్టారు. ఆ నేలమాళిగ ఒక బడిది. నొవొలిప్కి వీధి, 68వ నంబరు. అది యిడ్డిష్ మాధ్యమ పాఠశాల. పాతిపెట్టింది ఆ బడి ఉపాధ్యాయుడు ఇజ్రాయెల్ లిక్టెన్‌స్టైన్, అతని ఇద్దరు పాత విద్యార్థులు. వాళ్లలో డేవిడ్ గ్రేబర్ వయసు పందొమ్మిదేళ్లు.

ముగ్గురూ తలా ఒక వీలునామా రాసి అందులో పెట్టారు. లిక్టెన్‌స్టైన్ తనకు పొగడ్తలు, కృతజ్ఞతలు ఏవీ వద్దన్నాడు. తనను, చిత్రకారిణి అయిన భార్య గేలా సెక్‌స్టైన్‌ను, కూతురు మార్గోలిట్‌ను గుర్తుంచుకుంటే చాలన్నాడు. ఆ పాపకు ఇరవై నెలలు. పాప అప్పుడే మంచి యిడ్డిష్ మాట్లాడుతోందని కూడా ఆ కాగితంలో రాశాడు. అది చదివినప్పుడు మాలో ఎవరమూ కాసేపు మాట్లాడలేదు. ఒక మాతృభాషా బడి పంతులు చావు ముందు నిలబడి, తన బిడ్డ గురించి లోకానికి చెప్పాలనుకున్న సంగతుల్లో అదొకటి.

ముగ్గురూ బతకలేదు, తల్లీ పాపా కూడా బతకలేదు. యుద్ధం అయ్యాక ఆ వీధి ఇటుకల కుప్ప. ఆ భాండాగారంలో పనిచేసిన సుమారు అరవై మందిలో మిగిలింది ముగ్గురు. వాళ్లలో చోటు తెలిసిన హెర్ష్ వాసెర్ ఉండబట్టి 1946 సెప్టెంబర్ 18న పెట్టెలు బయటపడ్డాయి. సెక్‌స్టైన్ గీసిన బొమ్మలు మూడు వందల దాకా వాటిలో దొరికాయి. పాలక్యాన్లలో పెట్టిన రెండో భాగం 1950లో దొరికింది. మూడోది ఇప్పటికీ దొరకలేదు.

మా బడిలో

ఈ సంగతులన్నీ కొన్ని పీరియడ్లలో పిల్లలకు చెప్పాం. ఆ తర్వాత ఒక పని అప్పగించాం. ఇంట్లో ఉన్న పాత ఫొటో ఒకటి తేవాలి. అందులో ఉన్నవాళ్ల పేరు, ఇంటిపేరు, ఊరు, చేసే పని, మీకేమవుతారో పెద్దవాళ్లను అడిగి తెలుగులో రాయాలి. తెలియకపోతే తెలియదని రాయాలి, ఊహించి రాయకూడదు. మిగతా బడుల్లోని మా తోటి ఉపాధ్యాయులూ ఇది చేయించవచ్చు. ఖర్చు లేదు, ఒక నోటుబుక్కు చాలు.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఒక పెళ్లిఫొటో తెచ్చింది. నలుగురి పేర్లు చెప్పింది. చివర కుర్చీలో కూర్చున్న ముసలావిడ ఎవరంటే, "జేజి" అంది. జేజికి పేరేమిటి అంటే తెలియదంది. రెండురోజుల తర్వాత మళ్లీ వచ్చింది. పక్క ఊళ్లో ఉన్న పెద్దమామకు ఫోన్ చేయిస్తే ఆయన చెప్పాడట. ఫొటో వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో జేజి పేరు రాసింది, ఇంటిపేరుతో సహా.