నల్ల తెర వచ్చిందా? ఫార్మాట్‌కు తొందరపడొద్దు

జగిత్యాల జిల్లా మేడిపల్లి లాంటి ఊళ్లలో చాలా ఇళ్లకు లాప్‌టాప్ ఒక్కటే. పిల్లల చదువు, గల్ఫ్‌లో ఉన్న అబ్బా పాస్‌పోర్ట్ స్కాన్లు, నికాహ్ ఫొటోలు అన్నీ అందులోనే. మిషన్ పాతదని కొందరు ఉబుంటు లినక్స్ వేయించుకుంటారు. జాగా నిండిందని ఇంట్లో పిల్లలు 'పనికిరాని' సాఫ్ట్‌వేర్ ఒకటి తీసేస్తారు. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర, దాని మీద 'లాగిన్' అనే మాట మాత్రమే. "ఫార్మాట్ కొట్టాలి భాయ్" అని ఎవరో ఒకరు అంటారు. అలా చేస్తే కాపీ లేని ఫొటోలన్నీ పోతాయి. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు.

ఎందుకిలా అవుతుంది?

లినక్స్‌లో సాఫ్ట్‌వేర్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఉబుంటు డెస్క్‌టాప్‌లో చాలా భాగాలకు పైథాన్3 ఆధారం. దాన్ని తీసేస్తే అవీ వెంట పోతాయి. పోయేది ప్రోగ్రాములే. 'హోమ్' ఫోల్డర్‌లోని ఫొటోలు, పత్రాలు అట్లనే ఉంటాయి.

ఈ పొరపాటు తెలిసినవాళ్లకూ జరిగింది. 2021లో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్‌లో స్టీమ్ గేమ్ సాఫ్ట్‌వేర్ వేయబోయారు. హెచ్చరిక వచ్చినా సరేననడంతో డెస్క్‌టాపే ఎగిరిపోయింది.

ఏం చేయాలి?

1. తెరపై ఏమీ లేకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరపై కనపడదు, పరేషాన్ కావద్దు.

2. ఆదేశాలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. 'డీఎఫ్ -హెచ్' కొడితే డిస్క్‌లో జాగా ఎంతుందో తెలుస్తుంది. నూరు శాతం నిండినా డెస్క్‌టాప్ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు 'సుడో ఏపీటీ క్లీన్' కొంత ఖాళీ చేస్తుంది.

3. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా నెట్ వస్తుంది.

4. 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ', 'సుడో ఏపీటీ అప్‌డేట్', 'సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్' వరుసగా కొట్టాలి. డౌన్‌లోడ్ పెద్దది, ఓపిక పట్టాలి.

5. 'సుడో రీబూట్' కొట్టాలి. మళ్లీ అక్షరాలే వస్తే 'సుడో సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్ గ్రాఫికల్.టార్గెట్' కొట్టి మరోసారి రీబూట్ చేయాలి.

ఇంకా కాలేదా? ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో మిషన్ ఆన్ చేసి 'ట్రై' ఎంచుకోవాలి. ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే ఫార్మాట్ మాట.

ముందు జాగ్రత్త

ఏపీటీతో ఏదైనా తీసేటప్పుడు, దాంతో పాటు ఏమేం పోతాయో జాబితా చూపిస్తుంది. అందులో 'డెస్క్‌టాప్', 'గ్నోమ్', 'జీడీఎం3' పేర్లు కనిపిస్తే 'ఎన్' కొట్టి ఆపేయాలి. ఒక్క నిమిషం ఆగి ఆ జాబితా చదివితే ఇంత తిప్పలుండదు. పాస్‌పోర్ట్ స్కాన్లు, సర్టిఫికెట్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లో మరో కాపీ ఉంచుకోవాలి.