ఫోన్ పోయినంక మొదటి గంట: ఏం చెయ్యాలె, ఎవలను అడగాలె

నా ఫోన్ అంగట్ల పోయింది. ఒక చేతిల కూరగాయల సంచి, ఇంకో చేతిల చిల్లర. అంగి జేబులకెళ్లి ఎప్పుడు తీసిండో తెల్వదు. రెండు గంటలు అంగడంత దేవులాడిన. సోపతిగాని ఫోన్ తీసుకొని నా నంబరుకే కొట్టుకుంట కూసున్న. తెల్లారి బ్యాంకుకు పోయి పాస్‌బుక్ ఎక్కిస్తే 14 వేలు లేవు. పత్తి అమ్మిన పైసలవి. ఫోన్ కొన్నది 9 వేలకు. అంటే ఫోన్ కన్నా ఫోన్ల ఉన్నదే ఎక్కువ పోయింది.

పిన్ తెల్వకుండ పైసలెట్ల తీసిండని అందరు అడిగిన్రు. యూపీఐ పిన్ మర్చిపోతే కొత్తది పెట్టుకునే దారి ఉంటది కదా, దొంగకు గూడ అదే దారి. ఏటీఎం కార్డు చివరి ఆరు అంకెలు, కార్డు గడువు నెల, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఉంటే చాలు. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ గూడ అడుగుతయి. అది గాకుంటే ఆధార్ అంకెలు, ఓటీపీతోని గూడ కొత్త పిన్ పెట్టొచ్చు. నా ఫోన్‌కు లాక్ లేదు. మీసేవల పనికొస్తదని ఆధార్, ఏటీఎం కార్డు రెండింటి ఫొటోలు గ్యాలరీల పెట్టుకున్న. ఇంటి తాళంచెవి గడప మీద పెట్టి ఊరికి పోయినట్టే అయింది.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ఫోన్ పోతే దాని కోసం ఉరుకుడు తర్వాత. ముందుగాల సిమ్ ఆపుండ్రి. ఓటీపీలు వచ్చేది సిమ్‌కే. పక్కోళ్ల ఫోన్ నుంచి మీ కంపెనీ కస్టమర్ కేర్‌కు చేసి బంద్ చెయ్యమనాలె. రెండోది బ్యాంకు. యూపీఐ, కార్డు రెండూ ఆపమని చెప్పి, ఫిర్యాదు నంబరు, టైం కాయితం మీద రాసుకోండ్రి. ఎందుకంటే 2017 జులైల రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మన అజాగ్రత్తతోని పైసలు పోయినా సరే, బ్యాంకుకు చెప్పినంక పోయే పైసలకు బాధ్యత బ్యాంకుదే. చెప్పకముందు పోయింది మన నెత్తిన పడ్తది. నేను తిరిగిన రెండు గంటల విలువ గదే.

పైసలు అప్పటికే పోయుంటే 1930కి ఫోన్ చెయ్యాలె. ఇది సైబర్ నేరాల నంబరు. ఎంత జల్ది చెప్తే, ఆ పైసలు వేరే ఖాతాలకు పారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

తర్వాత ఠాణ. నన్ను అక్కడ "దొంగతనం అని రాయకు, ఎక్కడ్నో పడిపోయిందని రాయి, జల్ది అయితది" అన్నరు. నేను గట్లనే రాసిచ్చిన. అది నా తప్పు. పడిపోయిందంటే కేసు లేదు, దొంగ లేడు, లెక్కల్ల నేరమే లేదు. దొంగిలిస్తే దొంగిలించిన్రనే రాయాలె. దొంగతనం అని చెప్తే ఎఫ్ఐఆర్ కట్టాలని 2013ల లలితా కుమారి కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలుల ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ ఠాణల అయినా ఫిర్యాదు ఇయ్యొచ్చు, ఎఫ్ఐఆర్ కాపీ ఉత్తగనే ఇయ్యాలె. తీసుకోకుంటే ఎస్పీకి రాతపూర్వకంగ పోస్టుల పంపొచ్చు. ఒక్క మెలిక ఉంది. వస్తువు ధర 5 వేల లోపుంటే పోలీసులు నేరుగ కేసు కట్టలేరు. అందుకే ఫోన్ ధర రాసి, బిల్లు జతచెయ్యాలె.

ఫోన్‌ను పనికిరాకుండ చేసేది సీఈఐఆర్. కేంద్రం 2023 మే నెలల సంచార్ సాథీ పేరుతోని దీన్ని దేశమంత తెచ్చింది. ప్రతి ఫోన్‌కు 15 అంకెల ఐఎంఈఐ నంబరుంటది. పోలీసు ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ, గుర్తింపు కార్డు పెట్టి దరఖాస్తు చేస్తే ఆ ఫోన్ దేశంల ఏ నెట్‌వర్క్‌ల పనిచెయ్యదు. దొంగ వేరే సిమ్ ఏస్తే పోలీసులకు జాడ తెలుస్తది. దొరికినంక మళ్ల తెరిపించుకోవచ్చు. అదే నంబరుతోని కొత్త సిమ్ తీసుకుంటే మొదటి 24 గంటలు మెసేజులు రావు. ఓటీపీ కోసం ఇంట్ల వేరేటోళ్ల నంబరు ఇయ్యుండ్రి.

గూగుల్ ఖాతాతోని వేరే ఫోన్ నుంచి మీ ఫోన్‌కు లాక్ ఏయొచ్చు, అందులున్నదంత తుడిచెయ్యొచ్చు. తుడిచినంక జాడ చూపెట్టదు. మ్యాపుల కనవడ్డదని ఒక్కలే ఉరకొద్దు, పోలీసులకు చూపెట్టుండ్రి. "మీ ఫోన్ దొరికింది, ఈ లింకు నొక్కి పిన్ కొట్టుండ్రి" అని మెసేజ్ వస్తే అది దొంగల ఎత్తే.

ఫోన్ చేతిల ఉన్నప్పుడే ఇయ్యాల చెయ్యాల్సిన పనులు నాలుగున్నయి. స్టార్ హ్యాష్ సున్న ఆరు హ్యాష్ కొట్టి, వచ్చిన ఐఎంఈఐ పుస్తకంల రాసుకోండ్రి. స్క్రీన్‌కు లాక్ పెట్టుండ్రి. సిమ్‌కు గూడ పిన్ పెట్టుండ్రి, అప్పుడు దొంగ దాన్ని వేరే ఫోన్ల ఏసినా తెర్చుకోదు. దానికి ముందుగాల కంపెనీ పెట్టిన పిన్ ఏందో అడిగి తెల్సుకోండ్రి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయితది. ఆధార్, ఏటీఎం కార్డు ఫొటోలు గ్యాలరీలకెళ్లి, వాట్సాప్‌లకెళ్లి తీసెయ్యిండ్రి.

ఇంకో మాట. అగ్గువకు వస్తుందని సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలల్ల కేవైఎం అని కొట్టి, జాగ ఇడిచి, ఐఎంఈఐ రాసి 14422కు మెసేజ్ పెట్టుండ్రి. బ్లాక్ అయిన ఫోన్ అయితే చెప్తది. మనం బిల్లు లేకుండ కొనుడు బంద్ చేస్తే, అంగట్ల ఇంకొకల జేబుల చెయ్యి పెట్టెటోనికి గిరాకీ ఉండదు.

నా 14 వేలు ఇంక రాలే. ఇది సదివినంక మీ అమ్మ ఫోన్, మీ నాయిన ఫోన్ తీసుకొని ఆ నాలుగు పనులు చేసిపెట్టుండ్రి. వాళ్లకు తెల్వదు. మీకు తెల్సు.