ఆపద గడప తొక్కకముందే

2009 అక్టోబరు 2. ఆ రోజు శుక్రవారం. కర్నూలు పాతపట్టణంలోని మా మస్జిద్‌లో ఆ రోజు జుమా నమాజు జరగలేదు. ఇమాము నిలబడి ఖుత్బా ఇచ్చే మింబర్ నీళ్ళలో మునిగి ఉంది.

విచిత్రమేమిటంటే, అంతకు కొద్ది వారాల ముందు వరకూ మేమంతా చినుకు కోసం దుఆలు చేస్తున్నాం. ఆ ఏడు నైరుతి రుతుపవనాలు దేశమంతటా ముఖం చాటేశాయి. రాయలసీమ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అలాంటిది సెప్టెంబరు నెలాఖరులో ఎగువన కర్ణాటకలోనూ, మా జిల్లాలోనూ ఎడతెరిపి లేని వానలు పడ్డాయి. ఒకవైపు తుంగభద్ర, మరోవైపు హంద్రీ పొంగాయి. ఆ రెండు నదులూ కలిసే చోటనే మా ఊరు ఉంది. పల్లపు వీధుల్లో నీళ్ళు మొదటి అంతస్తు దాకా ఎక్కాయి. దిగువన శ్రీశైలం జలాశయానికి వచ్చిన వరద, ఆ ఆనకట్ట కట్టినప్పుడు ఊహించిన వరదను కూడా మించిపోయింది.

ఆ వరద గురించి పత్రికల్లో ఎంతో వచ్చింది. మేము చెప్పదలచింది ఆ రాత్రి మా గేరిలో ఒక గడప దగ్గర జరిగిన సంగతి.

ఒక గడప, ఒక మస్అలా

మా గేరిలో ఒక పెద్దావిడ ఉండేవారు. అందరూ ఖాలా అని పిలిచేవారు. భర్త పోయి అప్పటికి రెండు నెలలు. ఇద్దత్‌లో ఉన్నారు. భర్తను కోల్పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఆ ఇంట్లోనే గడపాలన్నది మనందరికీ తెలిసిన నియమమే. వీధిలోకి నీళ్ళు వచ్చాయి. ఇరుగుపొరుగు వారు వచ్చి పిలిచారు. "నా ఇద్దత్ పూర్తి కాలేదు. నేను గడప దాటను. అల్లాహ్ ఎలా రాసి ఉంటే అలా జరుగుతుంది" అన్నారామె. తల్లి కదలకపోతే మేమూ కదలమని ఇద్దరు కూతుళ్ళూ అక్కడే ఉండిపోయారు.

మా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు పరుగెత్తుకొచ్చాడు. "మౌల్సాబ్, మీరొచ్చి చెబితే గాని ఖాలా కదలరు" అన్నాడు. తాడు పట్టుకుని నడుము లోతు నీళ్ళలో వెళ్ళాం. తలుపు బయట నిలబడి చెప్పాం: "ఖాలా, ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు, ఇల్లు కూలుతుందన్న భయం ఉన్నప్పుడు, ఇద్దత్‌లో ఉన్న స్త్రీ క్షేమమైన చోటికి వెళ్ళవచ్చు. మిగిలిన రోజులు అక్కడే పూర్తి చేసుకోవచ్చు. ఇది నా సొంత మాట కాదు, మన ఫుకహాలు రాసిపెట్టిన మాట."

లోపల కాసేపు నిశ్శబ్దం. తర్వాత తలుపు తెరుచుకుంది. ఆమె బయటికి వస్తూ ఒకే ఒక్క మాట అడిగారు: "ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు బేటా?"

ఎదురుగా ఉన్న శెట్టిగారి మేడ మీద ఆ తల్లీకూతుళ్ళకు చోటు దొరికింది. తెల్లవారేసరికి ఖాలా ఇంటి మట్టిగోడ కూలి ఉంది.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆ మస్అలాను మేము ఏటా పిల్లల చేత కితాబు తెరిపించి చదివించేవాళ్ళం. పరీక్షల్లో దాని మీద ప్రశ్న కూడా ఇచ్చేవాళ్ళం. కాని మా గేరిలో ఉన్న ఆడవాళ్ళకు ఒక్కసారైనా చెప్పలేదు. తెలిసిన సంగతి తెలియవలసిన వారికి వేళకు చేరకపోతే అది ఉండీ లేనట్టే.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు

జాగ్రత్తలు తీసుకోవడమంటే అల్లాహ్ మీద నమ్మకం తగ్గడమేనన్న అపోహ మనలో కొందరికి ఉంది. హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం వృత్తాంతం మనకు తెలియనిది కాదు. రాబోయే ఏడేళ్ళ కరువు కోసం ఆయన అంతకు ముందరి ఏడేళ్ళ పంటను దాచిపెట్టించారు. ఒక ప్రవక్తకు మించిన తవక్కుల్ మనకుందా? శాయశక్తులా ప్రయత్నం చేసి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడమే తవక్కుల్.

ముందుచూపు ఎంత పని చేస్తుందో మన కోస్తా ప్రజలు కళ్ళారా చూశారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10 వేల మంది చనిపోయారు. వాళ్ళలో చాలామందికి వేళకు హెచ్చరిక అందలేదు. అందినా వెళ్ళి తలదాచుకునే పక్కా కట్టడం దగ్గరలో లేదు. 1990 మే 9న అంతటి తీవ్రమైన తుపానే మళ్ళీ కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి మృతులు వెయ్యి లోపే. నడుమ గడిచిన ఆ పదమూడేళ్ళలో తీరం వెంట తుపాను ఆశ్రయ భవనాలు వెలిశాయి. హెచ్చరికలు ముందుగా అందాయి. తీర గ్రామాల నుంచి లక్షల మందిని ముందే తరలించారు. గాలి తీవ్రత తగ్గలేదు, మనుషుల సన్నద్ధత పెరిగింది.

2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన తుపానుకు హుద్‌హుద్ అని ఒమన్ దేశం పేరు పెట్టింది. హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాంకు సబా దేశపు కబురు తెచ్చిన పక్షి పేరది. కబురు తేవడం పక్షి పని. విని కదలవలసిన వారు మనుషులు. ఈరోజు ఆ కబురు రేడియో, టీవీలతో పాటు నేరుగా మన సెల్‌ఫోనుకే వస్తోంది. "ఎప్పుడూ ఇలాగే అంటారు, మన ఇంటిదాకా రాదులే" అని పక్కన పడేసే అలవాటే మన కొంప ముంచుతోంది. 2009లో మా గేరి పెద్దలు కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు.

ఇంటి పెద్ద చేయవలసినవి

ఇషా నమాజు తర్వాత ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చోండి. మొదట ఒక్క సంగతి తేల్చుకోండి: నీళ్ళు వచ్చినా, నిప్పు అంటుకున్నా మనం ఎక్కడికి వెళ్ళాలి? ఏ దారిన వెళ్ళాలి? ఆ దారి మూసుకుపోతే రెండో దారి ఏది? ఒకరికొకరు కనబడకపోతే అందరూ కబురు చేయవలసిన బంధువు వేరే ఊళ్ళో ఒకరు ఉండాలి. ఆ ఫోను నంబరు పిల్లలకు నోటికి వచ్చి ఉండాలి. సెల్‌ఫోను తడిస్తే అందులోని నంబర్లన్నీ పోయినట్టే.

ఆధార్, రేషన్ కార్డులు, బ్యాంకు పుస్తకం, ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, నికాహ్‌నామా అన్నీ ఒకే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి చేతికందే చోట ఉంచండి. కర్నూలులో వరద తీశాక నెలల తరబడి జనం తిరిగింది ఈ కాగితాల కోసమే.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వంటి పేటల్లో కుటుంబాలు రోజుల తరబడి మేడల మీదే చిక్కుకున్నాయి. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. డ్రోన్లతో ఆహారం అందించవలసి వచ్చింది. కనుక వాన ముసురు పట్టగానే మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు సరిపడా తాగునీళ్ళు మూతలున్న పాత్రల్లో పట్టి పైకి చేర్చండి. అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, ఖర్జూరాలు, పసిపిల్లలుంటే పాలపొడి ఉంచుకోండి. బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా ఉండాలి. టార్చిలైటు, తాడు మరవకండి.

నీళ్ళు గడప దాకా రాకముందే కరెంటు మెయిన్ ఆపండి. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు మూసివేయండి. పారే నీటిని తక్కువగా అంచనా వేయకండి. మోకాలి లోతు నీరే వేగంగా పారితే బలమైన మనిషిని కూడా పడదోస్తుంది. పడిపోయిన కరెంటు తీగల దగ్గరికి వెళ్ళకండి. వరద తీశాక ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు పాములుంటాయని గుర్తుంచుకుని కర్రతో తట్టి చూడండి. నీళ్ళు కాచి చల్లార్చే తాగండి. విరేచనాలు పట్టుకుంటే, ఓఆర్‌ఎస్ పొట్లం లేని చోట, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చెంచాలు తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101, ఏ అత్యవసరానికైనా 112, జిల్లా విపత్తుల కంట్రోల్ రూముకు 1077. ఈ నాలుగు నంబర్లను పెద్ద అక్షరాలతో రాసి వంటగది తలుపు మీద అంటించండి.

మస్జిద్, మొహల్లా చేయవలసినవి

ఆ రాత్రి మా ముఅజ్జిన్ సాబ్ మైకు పట్టుకుని లేవండి, లేవండి అని పిలుస్తూనే ఉన్నారు. అంతలో కరెంటు పోయింది, మైకు మూగబోయింది. సగం గేరి ఇంకా నిద్రలోనే ఉంది. కుర్రవాళ్ళు తలుపు తలుపూ తట్టవలసి వచ్చింది. మైకుకు ఒక బ్యాటరీ ఉండి ఉంటే గంట సమయం కలిసొచ్చేది. ప్రతి మస్జిద్‌లో ఆ బ్యాటరీ, రెండు పొడవాటి తాళ్ళు, టార్చిలైట్లు, ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. బైతుల్ మాల్ సొమ్ములో ఎంత ఇందుకు కేటాయించవచ్చో పెద్దలు, ఉలమాలు కూర్చుని తేల్చుకోవాలి. మైకులో చెప్పే మాట ఉర్దూలోనూ, తెలుగులోనూ ఉండాలి. అది క్లుప్తంగా, ఎటు వెళ్ళాలో తెలిసేలా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఒక నోటు పుస్తకం. మొహల్లాలో ఏ ఇంట్లో మంచాన పడ్డ వృద్ధులున్నారు? ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉంది? డయాలసిస్‌కు వెళ్ళే వారెవరు? భర్తలు గల్ఫ్‌లో ఉండి పిల్లలతో ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళెవరు? ఇద్దత్‌లో ఉన్నవారెవరు? ప్రతి పేరుకు ఎదురుగా, ఆ ఇంటి తలుపు తట్టవలసిన ఇద్దరి పేర్లు ఉండాలి. ఆ పుస్తకంలో ముస్లిముల ఇళ్ళే కాదు, గేరిలోని అన్ని ఇళ్ళూ ఉండాలి. నీళ్ళు ఇంటి పేరు అడిగి లోపలికి రావు. ఆ రాత్రి శెట్టిగారు కూడా ఎవరు ఏమిటని అడగలేదు.

ఆశ్రయానికి ఏ స్కూలు, ఏ షాదీఖానా మేడ పనికొస్తుందో ముందే చూసుకోవాలి. తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో కనీసం ముగ్గురికి తెలియాలి. అక్కడ స్త్రీలకు వేరే గది, వేరే మరుగుదొడ్డి ఉంటాయని ముందే చెప్పండి. పర్దా సంగతి ఏమవుతుందోనన్న బెంగతోనే చాలామంది ఆడవాళ్ళు ఆఖరి నిమిషం దాకా ఇల్లు కదలరు. ఆ బెంగ తీర్చడం కూడా ప్రాణం కాపాడటమే.

ఇక మా వంటి వారి బాధ్యత. వానాకాలానికి ముందు ఒక జుమా నాడు, అక్టోబరు తుపానులకు ముందు మరో జుమా నాడు ఖుత్బాకు ముందరి బయానులో ఈ సంగతులు చెప్పాలి. ఆపద వేళ షరీఅత్ ఇచ్చిన సడలింపులను ప్రతి ఇంటికీ తెలియజేయాలి. ఆడవాళ్ళు మస్జిద్‌కు రారు గనుక, బయానులో విన్న మాటను మగవాళ్ళు ఇంటికి మోసుకెళ్ళాలి. ఆడపిల్లల మదర్సాలలోనూ బోధించాలి.

ఖాలా ఇప్పుడు లేరు. మిగిలిన ఇద్దత్ రోజులు కూతురి ఇంట్లో పూర్తి చేసుకుని, ఆ తర్వాత చాలా ఏళ్ళు మా మధ్య బతికారు. ఎప్పుడు కనబడినా సలాం చెప్పి క్షేమం అడిగేవారే గాని, ఆ రాత్రి అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు. అయినా ఆ ప్రశ్న మా మీద బాకీగానే ఉంది. మరో గడప దగ్గర మరో తల్లి అదే ప్రశ్న అడగవలసిన అవసరం రాకూడదు. ఈరోజు జుమా అయ్యాక, చెప్పులు తొడుక్కునే ముందు, ఐదుగురు కూర్చుని ఆ నోటు పుస్తకం మొదటి పేజీ రాయండి.