న్యాయస్థానమా, నాటకశాలయా?

మృచ్ఛకటికము చదివిన సోదరీమణులకు అందలి తొమ్మిదవ యంకము జ్ఞప్తియందుండకపోదు. వసంతసేన గొంతు నులిమినవాడు శకారుడు. నేరము మోపబడినవాడు చారుదత్తుడు. విదూషకుని చంకనుండి ఆమె నగలు జారిపడగానే న్యాయాధికారికి వేఱుమార్గము తోపదు. నిర్దోషికి మరణదండనము విధింపబడును. న్యాయాధికారి యెఱుగని సత్యమును ప్రేక్షకులమగు మన మెఱుగుదుము. కవి మనకు ముందే చూపియున్నాడు గదా!

ఇప్పుడు నిజమైన విచారణలే టెలివిజనులో వినోదములైనవి. అమెరికాలో 1991వ సంవత్సరమున కోర్టు టీవీ యను ప్రసారసంస్థ యిందుకొఱకే వెలసినది. 1995లో ఓ.జె. సింప్సను హత్యాభియోగవిచారణను కోట్లకొలది జనులు ఇండ్లలో కూర్చుండి చూచిరి. పిమ్మట 2002 మొదలు 2004 వఱకు ఎన్.బి.సి. సంస్థ ‘క్రైమ్ అండ్ పనిష్మెంట్’ అను ధారావాహికను ప్రసారము చేసినది. ‘లా అండ్ ఆర్డర్’ అను కల్పితకథల నిర్మాత డిక్ వుల్ఫే దీనికిని నిర్మాత. ఇందు నటులు లేరు. కాలిఫోర్నియాలోని శాండియాగో నగరమున ప్రభుత్వపక్షమున వాదించు న్యాయవాదులు, సాక్షులు, ముద్దాయిలు అందఱును నిజమైనవారే. వ్యాజ్యమును సిద్ధపఱచుకొనుట మొదలు తీర్పువఱకు కెమెరా ఆ న్యాయవాదుల వెంటనే నడచినది.

దీనివలన మేలు లేదనజాలము. కచ్చేరిగుమ్మము త్రొక్కని గృహిణికి సాక్షి నెట్లు ప్రశ్నింతురో, నేరము నెట్లు రుజువు చేయుదురో తెలియును. ఒకనాడు తానే బోనులో నిలువవలసివచ్చినచో ఆమె భయము కొంత తగ్గును.

కాని యొక్కటి యోచింపవలెను. దినములకొలది జరిగిన విచారణ గంటలో ఇముడవలెనన్న ఎన్ని మాటలు కత్తిరింపబడవలెను? కెమెరా ప్రభుత్వన్యాయవాది వెంట నడచినపుడు, ముద్దాయి తన న్యాయవాదితో చెప్పుకొన్న మాట మనకెట్లు వినబడును? నాటకమున సర్వ మెఱిగిన కవి కలడు. ఇచట అట్టివాడెవ్వడును లేడు. మనము ప్రేక్షకుల పీఠమున నున్నామని భ్రమపడుదుము గాని, నిజమునకు నగలు జారిపడుట మాత్రమే చూచిన న్యాయాధికారి స్థానమున నున్నాము. ఆయన సాక్ష్యమంతయు వినెను. మనము అదియు వినలేదు.

ఇక బాధితుల మాట. బిడ్డను కోల్పోయిన తల్లి బోనులో ఏడ్చుచు చెప్పిన సాక్ష్యము న్యాయమునకు అవసరము. ఆ యేడ్పు వ్యాపారప్రకటనల నడుమ పరులకు కాలక్షేపమగుట అవసరమా? ఇంగ్లండు 1925 నాటి చట్టముచే న్యాయస్థానమున ఛాయాచిత్రములు తీయుట నిషేధించినది. 2022లో క్రౌను కోర్టులందు కెమెరాను అనుమతించినపుడును, శిక్ష విధించు న్యాయాధిపతిని మాత్రమే చూపవలెనని కట్టడి చేసినది. మన దేశమున 2018లో సుప్రీముకోర్టు ప్రత్యక్షప్రసారమునకు సమ్మతించెను. 2022 సెప్టెంబరు 27 నుండి రాజ్యాంగధర్మాసనముల విచారణలు ప్రసారమగుచున్నవి. అత్యాచారపు విచారణలు రహస్యముగనే జరుగవలెననియు, బాధితురాలి పేరు ప్రకటించుట నేరమనియు మన చట్టము చెప్పుచున్నది. ఈ హద్దు మాకు మిగుల సమ్మతము.

కావున మన యిండ్లలో ఇట్టి ప్రసారము చూచుచు పిల్లలు “వీడే దోషి” యని తొందరపడినచో, “మనకు చూపనిదేమి?” అని వారి నడుగుదము. చారుదత్తుని రక్షించుటకు వసంతసేన సమయమునకు వధ్యస్థానము చేరినది. లోకమున ప్రతి చారుదత్తునికిని అట్టి భాగ్యముండదు.