రైలు కూత: ఆ పొడవాటి హారన్ మీ కోసమే.. గేటు దగ్గర మీకు ఉండేది 20 సెకన్లే!

రైలు ఎందుకు అన్ని రకాలుగా హారన్ కొడుతుంది? 'రైలు హారన్లకు అర్థాలు ఇవే' అంటూ రీల్స్ మీరూ చూసే ఉంటారు. కానీ వాటిలో అసలు పాయింట్ మిస్ అవుతోంది. ఆ హారన్లలో చాలా వరకు మనకు సంబంధించినవి కావు. మన కోసం మోగేది మాత్రం ఒకటుంది. దాన్ని పట్టించుకోకపోతే ప్రాణాలే పోతాయి.

ఏ హారన్ ఎవరికి?

రెండు చిన్న కూతలు వేస్తే.. బయల్దేరడానికి సిగ్నల్ ఇవ్వమని గార్డును అడుగుతున్నట్టు. గార్డునే ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. మూడు చిన్న కూతలు వేస్తే.. వెంటనే బ్రేక్ వేయమని ఆయనకు చెప్పినట్టు. నాలుగు చిన్న కూతలైతే.. ఏదో సమస్య వచ్చి రైలు ముందుకు కదలలేకపోతోందని అర్థం. ఇవన్నీ రైల్వే సిబ్బంది మధ్య మాటలే.

ఇక ఆగకుండా మోగే పొడవాటి హారన్ మాత్రం బయటివాళ్ల కోసం. 'నేను వస్తున్నా, పట్టాల మీద నుంచి తప్పుకోండి' అని దాని అర్థం.

ఆ పసుపు బోర్డు చూశారా?

రైల్లో వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్కన పసుపు రంగు బోర్డు కనిపిస్తుంది. దాని మీద ఇంగ్లిష్‌లో 'డబ్ల్యూ/ఎల్', హిందీలో 'సీ/ఫా' అని ఉంటుంది. సీటీ, ఫాటక్ అన్నమాట. ముందు లెవెల్ క్రాసింగ్ ఉంది, హారన్ కొట్టు అని లోకో పైలట్‌కు గుర్తు చేసే బోర్డు అది. మామూలుగా దీన్ని క్రాసింగ్‌కు 600 మీటర్ల ముందు పెడతారు. అక్కడి నుంచి గేటు దాటేదాకా లోకో పైలట్ హారన్ మోగిస్తూనే ఉండాలి.

ఇప్పుడు చిన్న లెక్క చూద్దాం. రైలు గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే 600 మీటర్లు దాటడానికి పట్టేది సుమారు 20 సెకన్లు. 130 కిలోమీటర్ల వేగమైతే 17 సెకన్లు కూడా పట్టదు. అంటే హారన్ వినపడ్డాక మీ చేతిలో ఉండేది ఆ కాస్త టైమే. ఎమర్జెన్సీ బ్రేక్ వేసినా అంత వేగంతో వచ్చే రైలు ఆగడానికి దాదాపు కిలోమీటరు దూరం కావాలి. లోకో పైలట్ మిమ్మల్ని చూసినా ఏమీ చేయలేడు!

హారన్ ఒక్కటే కాపాడదు

మాసాయిపేట గుర్తుందా? 2014 జులై 24న మెదక్ జిల్లాలో కాపలా లేని క్రాసింగ్ దగ్గర స్కూల్ బస్సును నాందేడ్ - సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది. డజనుకు పైగా చిన్నారులు చనిపోయారు. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్‌లోనూ అలాంటి క్రాసింగ్ దగ్గరే స్కూల్ వ్యాన్‌ను రైలు ఢీకొని 13 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. డ్రైవర్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడని అప్పట్లో అధికారులు చెప్పారు. చెవిలో పాట మోగుతుంటే బయట కూత ఎలా వినపడుతుంది?

2019 జనవరి చివరికల్లా బ్రాడ్ గేజ్ లైన్లలో కాపలా లేని క్రాసింగ్‌లను రైల్వే పూర్తిగా తీసేసింది. అయినా ప్రమాదాలు ఆగలేదు. 2025 జులై 8న తమిళనాడులోని కడలూరు జిల్లాలో గేట్‌మ్యాన్ ఉన్న క్రాసింగ్ దగ్గరే స్కూల్ వ్యాన్‌ను రైలు ఢీకొంది. ముగ్గురు విద్యార్థులు చనిపోయారు.

ఆ గేటుకు ఇంటర్‌లాకింగ్ లేదు. ఇంటర్‌లాకింగ్ ఉంటే గేటు పడితే తప్ప రైలుకు సిగ్నల్ పడదు. అది లేని చోట స్టేషన్ మాస్టర్, గేట్‌మ్యాన్ ఫోన్‌లో మాట్లాడుకుని గేటు వేస్తారు. అక్కడ మనిషి పొరపాటుకు చాన్స్ ఉంటుంది. అందుకే గేటు తెరిచి ఉన్నా సరే, ఒక్క క్షణం ఆగి చూడాల్సిందే.

ఇవి గుర్తుపెట్టుకోండి

* క్రాసింగ్ దగ్గర బండి స్లో చేయండి. అద్దాలు దించండి, మ్యూజిక్ ఆపండి, ఇయర్‌ఫోన్స్ తీసేయండి. రెండు వైపులా చూశాకే కదలండి.
* ఒక రైలు వెళ్లగానే తొందరపడొద్దు. డబుల్ లైన్ అయితే రెండో పట్టాల మీద ఇంకో రైలు రావచ్చు. మొదటి రైలు మోతలో దాని హారన్ వినపడదు.
* ముందు బండ్లు ఆగిపోయి ఉంటే పట్టాల మీదకు ఎక్కకండి. అవతల మీ బండికి చోటుంటేనే వెళ్లండి.
* బండి పట్టాల మీద ఆగిపోతే ముందు అందరూ దిగి దూరంగా వెళ్లిపోండి. వెంటనే గేట్‌మ్యాన్‌కు చెప్పండి. గేట్‌మ్యాన్ ఎర్రజెండా, ఎర్రలైటుతో రైలును ఆపే ప్రయత్నం చేస్తారు. బండి పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.
* మూసిన గేటు కింద నుంచి బైక్ దూర్చొద్దు. వేసిన గేటును బలవంతంగా తెరిస్తే రైల్వే చట్టం సెక్షన్ 160 కింద మూడేళ్ల వరకు, విరగ్గొడితే ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

గేటు దగ్గర ఆగితే పోయేది ఐదు, పది నిమిషాలు. ఈసారి ఆ పొడవాటి కూత వినపడితే, అది మీతోనే మాట్లాడుతోందని గుర్తుపెట్టుకోండి. మీ పిల్లల్ని స్కూల్‌కు తీసుకెళ్లే వ్యాన్ దారిలో రైల్వే గేటు ఉందా? అయితే ఆ డ్రైవర్ అన్నకు ఇవాళే ఈ విషయం చెప్పండి.