ముందే తెలిస్తే...

మా మద్దిలపాలెంలో శ్రీకాకుళం బస్సు ఆగితే, ఆస్పత్రి కాగితాల సంచీతో దిగి కేజీహెచ్‌కి దారి అడిగేవాళ్లు ఉంటారు. ఒకావిడ నాతో, "ముందల తెలిస్తే బాగున్ను గదమ్మా" అంది. ఊరు కవిటి. భర్తకి డయాలసిస్.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు – ఇదంతా ఉద్దానం. కొబ్బరి, జీడితోటల సీమ. అక్కడ షుగరూ బీపీ లేని పొలంకూలీలకూ మూత్రపిండాలు చెడిపోతున్నాయి. నీళ్లా, పురుగుమందులా, ఎండలో చాకిరీయా? కారణం ఇదీ అని ఇంకా తేలలేదు.

ఇది గుట్టుగా వచ్చే జబ్బు. కాళ్లు వాచి, అన్నం సహించకపోయే వేళకి మూత్రపిండాల శక్తి సగానికి పైగా పోయి ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూస్తేనే ముందుగా దొరుకుతుంది.

ప్రభుత్వాలు ఊరుకున్నాయనను. 2016లో కేంద్రం జిల్లా ఆస్పత్రుల్లో పేదలకు ఉచిత డయాలసిస్ పథకం పెట్టింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం తెరిచారు. మంచిదే. కానీ డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తోడు వెళ్లేవారి కూలీ కూడా పోయినట్టే. (ఆ తోడు ఎవరంటారు? ఇల్లాలే కదా!) పోలియో చుక్కలు ఇంటింటికీ వచ్చినట్టు, ఈ పరీక్షలూ గడపలోకి రావద్దూ? 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ కూడా కిడ్నీ జబ్బుల నివారణను జాతీయ ఆరోగ్య ప్రణాళికల్లో చేర్చాలని తీర్మానించింది.

అంతవరకూ, ఇంట్లో షుగరో బీపీయో ఉన్నవారికి ఏడాదికోసారి ఆ రెండు పరీక్షలూ చేయించండి. ఒళ్లునొప్పుల మాత్రలు మాత్రం డాక్టరుని అడక్కుండా వాడకండేం!